ఎమర్జెన్సీ లైట్ల టెస్ట్ కీ స్విచ్ ఎక్కడ కలపాలి? ఒక్కో ఫ్లోర్‌లో ఒక్కో రకంగా ఎందుకు పనిచేస్తోంది?

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవుతుంది. మూడంతస్తుల నర్సింగ్ హోమ్. ప్రతి కారిడార్‌లో రెండు ఎగ్జిట్ బోర్డులు, కరెంటు పోతేనే వెలిగే బల్క్‌హెడ్ లైట్లు కొన్ని, బ్యాటరీ కిట్ పెట్టిన ప్యానెల్ లైట్లు కొన్ని. డ్రాయింగ్‌లో ఫ్లోర్‌కొక టెస్ట్ కీ స్విచ్ (ఎమర్జెన్సీ లైట్లు పనిచేస్తున్నాయో లేదో చూడడానికి తాళం చెవితో తిప్పేది) చూపించారు, మీరు పెట్టారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో కీ తిప్పితే కారిడార్ మొత్తం చీకటై, ఎమర్జెన్సీ లైట్లు మాత్రమే వెలుగుతున్నాయి, పేషెంట్లు గోల చేశారు. ఫస్ట్ ఫ్లోర్‌లో కీ తిప్పినా ఏమీ జరగడం లేదు, ఫిట్టింగుల మీద ఆకుపచ్చ ఇండికేటర్ వెలుగుతూనే ఉంది. పైగా అక్కడ రాత్రిపూట స్విచ్ ఆపినా కారిడార్ లైట్లు ఆరడం లేదు. సెకండ్ ఫ్లోర్‌లో కీ తిప్పితే అన్నీ సరిగ్గా వెలుగుతున్నాయి కానీ ఇరవై నిమిషాలకే డల్ అయిపోతున్నాయి. ఫైర్ ఇన్‌స్పెక్షన్ దగ్గర పడుతోంది, కీ స్విచ్‌లే పాడైనవి వచ్చాయేమో, మార్చాలా అని మీ ప్రశ్న.

కీ స్విచ్‌లు మార్చకండి. అవి బాగానే ఉన్నాయి. మూడు ఫ్లోర్లలో మూడు వేరువేరు వైరింగ్ పొరపాట్లు ఉన్నాయి. మూడింటికీ మూలం మాత్రం ఒకటే: ఆ కీ ఏ వైరుని తెంచాలి, ఆ వైరు ఎక్కడి నుంచి రావాలి అన్నది తేల్చుకోకుండా వైర్లు లాగేశారు.

ఎమర్జెన్సీ ఫిట్టింగ్ లోపల టెర్మినల్ బ్లాక్ చూడండి. ఎర్త్, న్యూట్రల్ కాక రెండు ఫేజ్ టెర్మినల్స్ ఉంటాయి. ఒకటి మామూలుగా ‘ఎల్’, దీనికి ఎప్పుడూ ఆగని డైరెక్ట్ ఫేజ్ రావాలి. బ్యాటరీ ఛార్జ్ అయ్యేది దీనితోనే, కరెంటు ఉందా పోయిందా అని ఫిట్టింగ్ తెలుసుకునేదీ దీనితోనే. రెండోది ‘ఎస్‌ఎల్’, కొన్ని కంపెనీలు ‘ఎల్1’ అని వేస్తాయి. గోడ మీద స్విచ్ నుంచి వచ్చే ఫేజ్ దీనికి. మామూలు రోజుల్లో లైటుని వేసి ఆపడానికి మాత్రమే ఇది. కరెంటు పోతేనే వెలిగే బల్క్‌హెడ్‌లకు ఈ ఎస్‌ఎల్ అవసరమే లేదు, చాలావాటికి ఆ టెర్మినలే ఉండదు.

కాబట్టి టెస్ట్ కీ పని ఒక్కటే. ఎల్ టెర్మినల్‌కి వెళ్లే డైరెక్ట్ ఫేజ్‌ని తెంచడం. తెంచగానే ఫిట్టింగ్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీ మీదికి వెళ్తుంది. గోడ స్విచ్‌కీ లైటుకీ మధ్య కీ పెడితే లైటు ఆరుతుంది తప్ప టెస్ట్ జరగదు. ఎల్‌కి వెళ్లే వైరులో కీ బదులు మామూలు పియానో స్విచ్ పెట్టినా ఎలక్ట్రికల్‌గా టెస్ట్ పని జరుగుతుంది. కీ ఎందుకంటే, ఊడ్చేవాళ్లో నైట్ డ్యూటీ వాళ్లో తెలియక ఆ స్విచ్ ఆపేస్తే ఫిట్టింగులన్నీ బ్యాటరీ మీద వెలిగి, ఖాళీ అయి, ఛార్జింగ్ లేక అలాగే పడి ఉంటాయి. అసలు అవసరం వచ్చిన రోజున ఒక్కటీ వెలగదు.

ఇక గ్రౌండ్ ఫ్లోర్. మీవాళ్లు కీ స్విచ్‌ని ఎంసీబీ (ఆ సర్క్యూట్‌ని కాపాడే ట్రిప్ స్విచ్) తర్వాత వెంటనే పెట్టేశారు. అంటే కారిడార్ సర్క్యూట్ మొత్తం కీ గుండానే పోతోంది. ఇది పూర్తిగా తప్పని అనలేను. అసలు సర్క్యూట్ పోయినప్పుడు ఏం జరుగుతుందో అచ్చంగా అదే జరుగుతుంది, చీకట్లో వెలుతురు సరిపోతుందో లేదో కూడా కళ్లతో చూడొచ్చు. రాత్రి మూసేసే షాపుకో ఆఫీసుకో అయితే అలాగే వదిలేయమనేవాణ్ణి. ఇరవై నాలుగు గంటలూ మనుషులుండే చోట పనికిరాదు. సెలైన్ స్టాండ్ పట్టుకుని నడిచే పేషెంట్ ఉన్న కారిడార్‌ని టెస్ట్ కోసం చీకటి చేయకూడదు.

సరిచేయడం ఇలా. ఎంసీబీ నుంచి వచ్చిన ఫేజ్ మొదటి జంక్షన్ బాక్సులో రెండుగా చీలాలి. ఒక చీలిక గోడ స్విచ్‌కి వెళ్లి, అక్కడి నుంచి మామూలు లైట్లకీ, బ్యాటరీ కిట్ ఉన్న ప్యానెల్స్ ఎస్‌ఎల్‌కీ వెళ్తుంది. రెండో చీలిక కీ స్విచ్‌లోకి వెళ్లి, బయటికి వచ్చి, అన్ని ఎమర్జెన్సీ ఫిట్టింగుల ఎల్ టెర్మినల్స్‌కి లూప్ అవుతుంది. న్యూట్రల్, ఎర్త్ రెండింటికీ ఒకటే. ఇలా చేస్తే కీ తిప్పినా మామూలు లైట్లు అలాగే ఉంటాయి, ఎమర్జెన్సీవి మాత్రమే బ్యాటరీ మీదికి వెళ్తాయి. కీ దాటిన ఆ ఫేజ్ కూడా ఎరుపు వైరే అయితే రేపు ఎవరో సీలింగ్ తెరిచి స్విచ్ ఫేజ్ అనుకుని కలిపేస్తారు. రెండు చివర్లా ఫెర్రూల్ (వైరుకి తొడిగే గుర్తు రింగు) గానీ స్లీవ్ గానీ వేసి గుర్తు పెట్టండి.

బ్యాటరీ కిట్ ఉన్న ప్యానెల్స్ దగ్గర ఒక జాగ్రత్త. ఎల్, ఎస్‌ఎల్ రెండూ ఒకే ఎంసీబీ నుంచి రావాలి. ఒకటి ఆర్ ఫేజ్, ఇంకొకటి వై ఫేజ్ అయితే ఆ చిన్న కిట్ లోపల రెండు ఫేజ్‌ల మధ్య 400 వోల్టుల పైన నిలబడుతుంది, కిట్ మాడుతుంది. ఒకే ఫేజ్ అయినా వేరే ఎంసీబీ నుంచి తెస్తే ఒకటి ఆపి పని చేసేవాడికి రెండోది షాక్ కొడుతుంది. కిట్‌తో వచ్చిన కాగితం మీద డ్రాయింగ్ ఉంటుంది. కొన్ని కిట్‌లకు టెస్ట్‌లో ఎస్‌ఎల్ కూడా తెగాలని రాసి ఉంటుంది, అలాంటివైతే ఆ కాగితం చెప్పినట్టే వైరింగ్ చేయండి.

ఫస్ట్ ఫ్లోర్‌దే అసలైన చిక్కు. మీరు రాసిన రెండు లక్షణాలు, అంటే కీ తిప్పినా ఆకుపచ్చ ఇండికేటర్ ఆరకపోవడం, స్విచ్ ఆపినా లైట్లు ఆరకపోవడం, రెండూ కలిపి చూస్తే దొంగ దాదాపు దొరికినట్టే. ఎగ్జిట్ బోర్డు ఎప్పుడూ వెలుగుతూ ఉండాలని చాలా ఫిట్టింగుల్లో ఎల్‌కీ ఎస్‌ఎల్‌కీ మధ్య ఫ్యాక్టరీలోనే చిన్న లింక్ వైరు వేసి పంపిస్తారు. ఆ లింక్ ఉంటే డైరెక్ట్ ఫేజ్ ఒక్కటి ఇస్తే చాలు. మీ మనిషి టెర్మినల్ మీద ఎస్‌ఎల్ అని చూసి, ఆ ఖాళీ నింపాలని స్విచ్ ఫేజ్ కూడా తెచ్చి బిగించాడు. లింక్ మాత్రం తీయలేదు.

దాంతో ఆ ఒక్క బోర్డు లోపల రెండు ఫేజ్‌లు కలిసిపోయాయి. కీ మామూలుగా ఉన్నప్పుడు డైరెక్ట్ ఫేజ్ లింక్ గుండా స్విచ్ వైరులోకి వెనక్కి ఎక్కి కారిడార్ లైట్లన్నిటికీ వెళ్తోంది. అందుకే స్విచ్ ఆపినా అవి ఆరవు. కీ తిప్పి డైరెక్ట్ ఫేజ్ తెంచితే, స్విచ్ ఆన్‌లో ఉంది కాబట్టి ఇప్పుడు స్విచ్ ఫేజ్ అదే లింక్ గుండా రివర్స్‌లో ఎల్ లైనులోకి ఎక్కుతోంది. ఆ లైను మీద లూప్ అయిన ప్రతి ఫిట్టింగ్‌కీ కరెంటు అందుతూనే ఉంది. ఒక్క బోర్డులో తీయని లింక్ చాలు, కారిడార్ మొత్తం టెస్ట్‌ని చెడగొట్టడానికి.

నమ్మకం కుదరాలంటే ఏదీ విప్పకుండానే చూడొచ్చు. కారిడార్ స్విచ్ ఆపండి, తర్వాత కీ టెస్ట్ వైపు తిప్పండి. రెండు దారులూ మూసుకుపోతాయి కాబట్టి ఫిట్టింగులన్నీ బ్యాటరీ మీదికి వెళ్లాలి. వెళ్లాయంటే లింకే కారణం. వెళ్లకపోతే మాత్రం ఎల్ లైనుకి ఇంకెక్కడో వేరే సర్క్యూట్ నుంచి ఫేజ్ తగులుతోందని, అప్పుడు బాక్సు బాక్సు విప్పి చూడాల్సిందే.

బాగుచేయడానికి రెండు దారులున్నాయి. లింక్ ఉంచి స్విచ్ ఫేజ్ తీసేయడం ఒకటి, లింక్ తీసేసి స్విచ్ ఫేజ్ ఉంచడం రెండోది. రెండోది చేస్తే స్విచ్ ఆపినప్పుడు ఎగ్జిట్ బోర్డు కూడా ఆరిపోతుంది. హాస్పిటల్లో అది ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి కాబట్టి మొదటిదే చేయండి. తీసిన స్విచ్ వైరు చివర కనెక్టర్‌లో మూసేయండి, ఉత్త టేపు చుట్టి వదలకండి. రెండు బోర్డులూ చూడండి, ఒక్కదానితో ఆగొద్దు.

ఈ ఎప్పుడూ వెలిగే బోర్డుల విషయంలో ఇంకో సంగతి చాలామంది గమనించరు. కీ తిప్పకముందూ తిప్పాకా బోర్డు వెలుగుతూనే కనిపిస్తుంది. కింద నిలబడి చూస్తే తేడా తెలియదు. ‘అన్నీ వెలుగుతున్నాయి సార్’ అని రిజిస్టర్‌లో రాసేస్తారు. చూడాల్సింది వెలుతురుని కాదు, ఛార్జింగ్ ఇండికేటర్‌ని. కీ తిప్పాక అది ఆరి, బోర్డు వెలుగుతూ ఉంటేనే బ్యాటరీ మీద ఉన్నట్టు. కిట్ పెట్టిన ప్యానెల్స్ అయితే సులభం, బ్యాటరీ మీదికి వెళ్లగానే వెలుతురు బాగా పడిపోతుంది. పడిపోకుండా ఫుల్ బ్రైట్‌గా ఉందంటే టెస్ట్ జరగలేదనే అర్థం.

సెకండ్ ఫ్లోర్‌కి వద్దాం. వైరింగ్ వరసలో తప్పు లేదు, కీ సరైన వైరునే తెంచుతోంది. మరి బ్యాటరీ ఎందుకు నిలబడటం లేదు? మీరు చివర్లో ఒక్క లైనులో రాసి వదిలేసిన మాట ఉంది చూడండి, సెకండ్ ఫ్లోర్ కారిడార్ లైట్లు ఇన్వర్టర్ మీద ఉన్నాయని. ఎమర్జెన్సీ ఫిట్టింగులకు మాత్రం మామూలు కరెంటు డీబీ (ఎంసీబీలు ఉండే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి ఫేజ్ తెచ్చినట్టున్నారు. కరెంటు పోయిన ప్రతిసారీ ఇన్వర్టర్‌తో కారిడార్ వెలుగుతూనే ఉంటుంది, కానీ ఎమర్జెన్సీ ఫిట్టింగులకు ఆ సంగతి తెలియదు. వాటి ఎల్‌లో కరెంటు లేదు, అవి కూడా వెలిగి బ్యాటరీ ఖర్చు చేసుకుంటాయి. మన దగ్గర వేసవిలో, గాలివానల్లో ఎన్నిసార్లు కరెంటు పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ మళ్లీ నిండడానికి ఈ ఫిట్టింగులకు మామూలుగా 24 గంటలు పడుతుంది. సగం నిండేలోపే మళ్లీ కరెంటు పోతే అది ఎప్పటికీ నిండదు. మీ ఇరవై నిమిషాల లెక్క అక్కడిదే.

రూల్ ఇదీ: ఏ చోట లైట్లు ఆరితే అక్కడ ఎమర్జెన్సీ వెలగాలో, ఆ చోటి లైట్ల సర్క్యూట్ నుంచే డైరెక్ట్ ఫేజ్ తీసుకోవాలి. గోడ స్విచ్‌కి ముందు, అదే ఎంసీబీ నుంచి. మీ సెకండ్ ఫ్లోర్‌లో అది ఇన్వర్టర్ వైపు ఎంసీబీ. ‘ఇన్వర్టర్ మీద ఎమర్జెన్సీ లైటు పెడితే ఇక అది ఎప్పుడు వెలుగుతుంది?’ అని మీ ఇంజనీరు అడగొచ్చు. ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయినప్పుడు వెలుగుతుంది, ఇన్వర్టర్ పాడైనప్పుడు వెలుగుతుంది, ఆ లైట్ల ఎంసీబీ ట్రిప్ అయినప్పుడు వెలుగుతుంది. కారిడార్ నిజంగా చీకటయ్యేది అప్పుడే కదా. పాత వైరింగ్‌లో ఇంకో లోపం కూడా ఉంది. ఊళ్లో కరెంటు ఉండి, కారిడార్ లైట్ల ఎంసీబీ ఒక్కటే ట్రిప్ అయితే కారిడార్ చీకటిగా ఉన్నా ఎమర్జెన్సీ లైట్లు వెలగవు, వాటి ఫేజ్ వేరే చోట నుంచి వస్తోంది కాబట్టి.

ఫేజ్ మార్చినప్పుడు న్యూట్రల్ కూడా అక్కడిదే తీసుకోండి. ఫేజ్ ఒకచోట, న్యూట్రల్ ఇంకోచోట తీసుకుంటే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ట్రిప్ అయ్యే స్విచ్) ఉన్న డీబీలో అది ఊరికే ట్రిప్ అవుతూ ఉంటుంది, ఎందుకో తెలియక తల పట్టుకుంటారు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయితే కొన్ని చవక ఫిట్టింగుల ఛార్జింగ్ సర్క్యూట్ వేడెక్కుతుంది. సైన్ వేవ్‌ది అయితే దిగులు లేదు. గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్లలో జనరేటర్ ఉందన్నారు, అక్కడ ఈ సమస్య లేదు. జనరేటర్ అందుకునేదాకా ఉండే ఆ చీకటి గ్యాప్‌లో ఎమర్జెన్సీ లైట్లు వెలిగి, జనరేటర్ రాగానే మళ్లీ ఛార్జింగ్‌లోకి వెళ్తాయి. అలాగే ఉండాలి.

వైరింగ్ మార్చాక రెండు రోజులు కదపకుండా ఛార్జ్ కానిచ్చి మళ్లీ కీ తిప్పండి. అప్పటికీ నిలబడకపోతే బ్యాటరీ పోయినట్టే. ఈ ఫిట్టింగుల బ్యాటరీలను సుమారు నాలుగేళ్ల వాడకానికి తయారు చేస్తారు, అది కూడా వాటి మీద రాసిన టెంపరేచర్ లోపల. ఏసీ లేని పై అంతస్తులో, స్లాబ్ కింద ఫాల్స్ సీలింగ్ లోపల మే నెలలో ఆ హద్దు దాటడం పెద్ద విషయం కాదు. కొత్త బిల్డింగుల్లో ఇంకోటి చూస్తుంటాను. పెయింటింగ్ జరుగుతుండగానే బ్యాటరీ కనెక్టర్లు పెట్టేస్తారు, సాయంత్రం మెయిన్ ఆపి వెళ్తారు, రాత్రంతా అవి వెలిగి చచ్చిపోతాయి. ఓపెనింగ్ నాటికే సగం బ్యాటరీలు అయిపోయి ఉంటాయి. కరెంటు పర్మనెంట్‌గా వచ్చాకే ఆ కనెక్టర్ పెట్టాలి, పెట్టిన తేదీ మార్కర్‌తో ఫిట్టింగ్ లోపల రాయాలి.

ఎంతసేపు వెలగాలన్న దానికి, మన నేషనల్ బిల్డింగ్ కోడ్ కనీసం గంటన్నర అడుగుతుంది. మార్కెట్లో మూడు గంటల ఫిట్టింగులు ఎక్కువగా కనిపిస్తాయి. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మనవాళ్లకి అలవాటైన బ్రిటిష్ పద్ధతి బీఎస్ 5266లో మూడు గంటల లెక్క ఉండడమే దానికి ఒక కారణం. పేషెంట్లను ఒక్కసారిగా దించలేని చోట మూడు గంటలదే పెట్టమంటాను. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయింది మంటలకు కాదు, పొగకి. దారి దొరకడానికి పట్టే ప్రతి నిమిషానికీ విలువ ఉంది, అందుకే ఈ పనిలో నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను.

అదే బ్రిటిష్ పద్ధతిలో నెలకోసారి కీ తిప్పి అన్నీ వెలుగుతున్నాయో లేదో చూసి వెంటనే నార్మల్‌కి తేవాలి, ఏడాదికోసారి పూర్తి సమయం నడిపి చూడాలి. నెల టెస్ట్‌తో ఇబ్బంది లేదు. ఏడాది టెస్ట్ అయ్యాక మాత్రం ఒక రోజంతా ఆ ఫ్లోర్ బ్యాటరీలు ఖాళీగా ఉంటాయి. మీ దగ్గర ఖాళీగా ఉండే రాత్రి అంటూ లేదు. అందుకే మూడు ఫ్లోర్లు ఒకే రోజు చేయొద్దు. ఇంకా వైరింగ్ పైపులు వేయడానికి వీలుంటే ఒక్కో కారిడార్‌లో రెండు కీలు పెట్టి, ఒకదాని మీద ఒకటీ మూడూ ఐదూ, రెండోదాని మీద రెండూ నాలుగూ ఆరూ ఫిట్టింగులు వేయండి. టెస్ట్ రోజున ప్రతి రెండో లైటు నిండు బ్యాటరీతో ఉంటుంది. మూడు ఫ్లోర్లనీ ఒకే కీతో నడపాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, మూడు ఫేజ్‌లు ఒక చిన్న స్విచ్ బాక్సులోకి తేవడం అనవసరమైన ప్రమాదం.

కీ స్విచ్ కొనేటప్పుడు కూడా జాగ్రత్త. షాపులో ఊరికే కీ స్విచ్ అంటే హోటల్ రూముల్లో తలుపు దగ్గర పెట్టే కీ ట్యాగ్ స్విచ్ చేతిలో పెడతారు. అది కాదు మనకి కావాల్సింది. మాడ్యులర్ ప్లేటులో కూర్చునే, తాళం చెవితో తిప్పే స్విచ్ కావాలి. అది దొరక్కపోతే ప్యానెల్ బోర్డుల్లో వాడే కీ సెలెక్టర్ స్విచ్ వాడొచ్చు. అందులో తాళం చెవి ఏ పొజిషన్‌లో బయటికి వస్తుందో అడిగి తీసుకోండి. నార్మల్‌లో మాత్రమే బయటికి వచ్చే రకం తీసుకుంటే, టెస్ట్‌లో మరిచిపోయి చెవి జేబులో వేసుకుని వెళ్లే అవకాశమే ఉండదు. సెలెక్టర్ కాంటాక్టులు కంట్రోల్ సర్క్యూట్‌కి తయారైనవి కాబట్టి వాటి రేటింగ్ చూసుకోండి. ఫిట్టింగులు ఎక్కువైతే సెలెక్టర్‌తో కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) కాయిల్ నడిపి, కాంటాక్టర్ ఎన్‌సీ కాంటాక్ట్ (కాయిల్‌కి కరెంటు లేనప్పుడు కలిసి ఉండేది) గుండా ఫేజ్ పంపండి. కాయిల్ కాలిపోయినా ఛార్జింగ్ ఆగదు. ఎన్‌ఓ కాంటాక్ట్ (కాయిల్‌కి కరెంటు ఉంటేనే కలిసేది) వాడితే కాయిల్ పోయిన రోజున ఫిట్టింగులన్నీ బ్యాటరీ మీద పడతాయి.

పని మొదలుపెట్టేముందు రెండు మాటలు. కీ స్విచ్ తిప్పి సర్క్యూట్ ఆగిందని చేయి పెట్టకండి, స్విచ్ ఫేజ్ ఇంకా ఉంటుంది. ఎంసీబీ ఆపి, టెస్ట్ ల్యాంప్‌తో చూసుకుని, ఆపైన ఫిట్టింగ్ బ్యాటరీ కనెక్టర్ కూడా ఊడదీసి పని చేయండి. డిజిటల్ మీటర్ మీద ఒక్కదాని మీదే ఆధారపడొద్దు, పొడుగ్గా పక్కపక్కనే పోయిన వైర్లలో ఏమీ లేకపోయినా అది కొన్ని పదుల వోల్టులు చూపిస్తుంది. బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టు. ఇన్సులేషన్ చూడాలంటే ఫిట్టింగులు కలిపి ఉండగా ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ చూసే మీటర్) పెట్టకండి, ఎలక్ట్రానిక్స్ పోతాయి. విడదీసి చూడండి. ఇది వైర్‌మన్ పర్మిట్ ఉన్న మనిషి చేతుల మీదుగానే జరగాలి.

ముందు ఫస్ట్ ఫ్లోర్ లింక్ చూడండి, అది పది నిమిషాల పని. తర్వాత సెకండ్ ఫ్లోర్ ఫేజ్, న్యూట్రల్ మార్చి బ్యాటరీలను ఛార్జింగ్‌లో వదిలేసి గ్రౌండ్ ఫ్లోర్ జంక్షన్ బాక్స్ విప్పండి, అది అయ్యేసరికి అవి నిండుతూ ఉంటాయి. అంతా అయ్యాక తాళం చెవులు రెండు జతలు ఉంటాయి కదా, ఒకటి మెయింటెనెన్స్ వాళ్లకీ, ఇంకోటి సీల్ చేసిన కవర్‌లో నర్సింగ్ సూపరింటెండెంట్ దగ్గరికీ ఇవ్వండి. కీ ప్లేటు పక్కన తెలుగులో ‘ఎమర్జెన్సీ లైట్ టెస్ట్, మామూలుగా ఆన్‌లో ఉండాలి’ అని స్టిక్కర్ అంటించండి.